మొక్కజొన్న పెట్టెలో గోదారి

రాత్రి రెండు దాటింది. వైరా రోడ్డు మీద లారీల మోత కూడా పలచబడింది. ఖమ్మం అంతా పడుకున్నా మా వెనక గదిలో ఒక చిన్న యంత్రం మేలుకొని పనిచేస్తోంది. 0.4 మిల్లీమీటర్ల రంధ్రమున్న ఇత్తడి ముక్కొకటి అటూ ఇటూ నడుస్తూ, కరిగిన దారాన్ని పలక మీద వరసలు వరసలుగా పరుస్తోంది. నాలుగు మోటార్లు సన్నగా కూనిరాగం తీస్తున్నాయి. గదిలో ఏదో తియ్యటి వాసన. అమ్మ నిద్రలోంచి లేచివచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "ఈ యాళప్పుడు కంకులు కాలుస్తున్నావేందిరా?" అంది.

తెలియకుండానే అమ్మ నిజం పట్టేసింది. ఆ దారం పేరు పీఎల్ఏ, పాలీలాక్టిక్ ఆసిడ్. మొక్కజొన్న పిండిలోంచి చక్కెర తీసి సూక్ష్మజీవులకు మేత వేస్తే, అవి దాన్ని పులియబెట్టి లాక్టిక్ ఆమ్లం చేస్తాయి. తోడుపెట్టిన పాలు పెరుగైనప్పుడు నాలుకకు తగిలే పులుపు ఈ ఆమ్లానిదే. దాని అణువులను గొలుసు కడియాల్లా ఒకదానికొకటి తగిలించుకుంటూ పోతే గట్టి ప్లాస్టిక్ అవుతుంది. 200 డిగ్రీల దగ్గర పాకంలా సాగుతుంది, చల్లారితే గోరు దిగనంత గట్టిపడుతుంది. యాసంగిలో మా జిల్లా చేలనిండా తలలూపే పైరు, మా వంటింటి పెరుగు గిన్నెలోని పులుపు, ఈ రెండూ కలిసి నా అరచేతి ఆటపెట్టెకు ఒళ్ళు తొడుగుతున్నాయని చెప్పాను. అమ్మ వంగి కాసేపు చూసింది. "సకినాలు చుట్టినట్టు చుడుతోంది" అని వెళ్ళి పడుకుంది.

ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. తడిపిన బియ్యప్పిండిని రెండు వేళ్ళ మధ్య మెలితిప్పి, గుడ్డ మీద చుట్టూ చుట్టూ రింగులు పేర్చే మా అమ్మ చేతికి, ఈ త్రీడీ ప్రింటర్ ఇత్తడి ముక్కుకు పని ఒకటే. కంప్యూటర్‌లో నేను గీసిన బొమ్మను ఒక ప్రోగ్రామ్ 0.2 మిల్లీమీటర్ల పొరలుగా తరిగింది. పన్నెండు మిల్లీమీటర్ల అడుగు చిప్పకు 60 పొరలు, పన్నెండు మిల్లీమీటర్ల పై చిప్పకు 60 పొరలు. రెండూ మూతపడితే చేతిలో ఇమిడే ఓ వీడియో గేమ్ పెట్టె. తెల్లారేసరికి అడుగు చిప్ప తయారైంది. పలక మీంచి తీస్తే ఇంకా గోరువెచ్చగా ఉంది, అప్పుడే గూట్లోంచి తీసిన గుడ్డులా.

ఆటవస్తువును చేతితో చెయ్యడం నాకు నేర్పింది బూర్గంపాడు పక్క పల్లెలో ఉండే మా తాతయ్య, అమ్మ వాళ్ళ నాన్న. జొన్న కోతలయ్యాక చేలోంచి ఒక చొప్పదంటు ఏరుకొచ్చేవాడు. పైపేడు గోటితో ఒలిస్తే లోపల తెల్లటి మెత్తటి బెండు. రెండు బిళ్ళలు కోస్తే చక్రాలు. ఒక పేడు ఇరుసు, రెండు పేళ్ళు నొగలు, అడ్డంగా ఓ ముక్క కాడి. మేకు ఉండదు, జిగురు ఉండదు. బెండే పేడును పట్టుకుంటుంది. బండి తయారై నేల మీద దొర్లేసరికి నేను చేతులు చాపేవాణ్ణి. తాతయ్య ఇచ్చేవాడు కాదు. దాన్ని మళ్ళీ విప్పేసి, ముక్కలన్నీ నా ఒళ్ళో పోసి, "ఇప్పుడు నువ్వు పెట్టు" అనేవాడు.

ఆయన పోయాక నా చేతికి చాలా ఆటవస్తువులు వచ్చాయి. ఒక్కటీ విప్పేది కాదు.

1990ల నడుమ మా ఊళ్ళో వీడియో గేమ్ షాపులు వెలిశాయి. చీకటి గది, మూడు టీవీలు, తెరల ముందు బెంచీలు. అరగంటకు రెండు రూపాయలు. జపాన్‌లో 1983 జూలై 15న విడుదలైన ఫామికామ్ యంత్రానికి నకళ్ళు మా ఖమ్మం దాకా వచ్చాయన్న సంగతి అప్పుడు నాకేం తెలుసు! మీసాలాయన గంతులు వేస్తుంటే, పుట్టగొడుగులు నడుస్తుంటే, ఈ లోకమంతా ఆ పసుపుపచ్చ క్యాసెట్‌లో ఎలా పట్టిందా అని బెంచీ మీద కూర్చుని ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఒకరోజు షాపాయన చెడిపోయిన క్యాసెట్ ఒకటి నాకిచ్చేశాడు. ఇంటికొచ్చి కత్తిమొనతో తెరిచాను. ఆకుపచ్చ రంగు పలక. దాని మధ్యలో నల్లటి గట్టి బొట్టు. అంతే. చిప్పు మీద పోసిన రెసిన్ అని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం పసిబిడ్డ చెంపన పెట్టే దిష్టిచుక్కలా కనిపించింది. ఎవరి కన్నూ పడకుండా ఆ లోకాన్ని ఎవరో దాచేశారు. ఆ బొట్టును గీకాను, సుత్తితో కొట్టాను. అది పగిలింది, లోపలి రహస్యం మాత్రం బయటపడలేదు.

ఆ నల్లబొట్టు కిందేముందో కనుక్కోవడానికి నాకు పాతికేళ్ళు పట్టింది. ఎక్కడో కాదు, మా వెనక గదిలోనే కనుక్కున్నాను.

చేతిలో పట్టే ఆటపెట్టెను లోకానికిచ్చినవాళ్ళలో ముందు తలుచుకోవలసిన మనిషి గున్‌పేయి యొకోయి. 1965లో ఆయన నింటెండో కంపెనీలో చేరింది ఆటలు తయారు చెయ్యడానికి కాదు, పేకముక్కలు చేసే యంత్రాలను బాగుచేస్తూ ఉండటానికి. పనిలేని వేళల్లో, కత్తెరలా మూసుకుంటూ సాగుతూ దూరంగా ఉన్న వస్తువును పట్టుకునే చెయ్యి ఒకటి సరదాగా చేసుకున్నాడు. కంపెనీ అధిపతి యమౌచి కంట అది పడింది. మందలిస్తాడనుకుంటే, దాన్ని బొమ్మగా తయారు చేసి అమ్మమన్నాడు. 1966లో అలా వచ్చిన అల్ట్రా హ్యాండ్ పది లక్షలకు పైగా అమ్ముడైంది. తర్వాత నాలుగు దిక్కుల బటన్‌ను 1982లో తీర్చిదిద్దినవాడూ, 1989 ఏప్రిల్ 21న వచ్చిన గేమ్ బాయ్ వెనక ఉన్నవాడూ ఆయనే. పాతబడి, చవకై, అందరికీ బాగా తెలిసిపోయిన వస్తువును కొత్త దారిలో వాడాలన్నది ఆయన పట్టుదల. పోటీదార్లు రంగుల తెరలు తెస్తున్నా గేమ్ బాయ్‌కు నాలుగే ఛాయల నాచుపచ్చ తెర పెట్టాడు. నాలుగు పెన్సిల్ సెల్లులతో గంటల తరబడి ఆడింది. తర్వాత వచ్చిన రంగుల తమ్ముడితో కలిపి 11 కోట్లకు పైగా ఇళ్ళకు చేరింది. ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు చొప్పదంటు ఏరుకొస్తున్న మా తాతయ్యే గుర్తొస్తాడు. చేలో వదిలేసిన దంటులో బండిని చూసిన కన్ను ఆయనది.

నా గదిలో పాడుతున్న యంత్రం కూడా ఒక బొమ్మ కోసమే పుట్టింది. 1988లో అమెరికాలో స్కాట్ క్రంప్ అనే ఇంజినీరు, తన చిన్నారి కూతురికి కప్ప బొమ్మ చేద్దామని వేడి జిగురు తుపాకీలో ప్లాస్టిక్, మైనం కలిపి పొరమీద పొర పేర్చాడు. కరిగిన దారాన్ని పొరలుగా పేర్చి వస్తువు చేసే ఈ పద్ధతి అక్కణ్ణించి మొదలైంది. దాని మీద ఆయన తీసుకున్న పేటెంట్ గడువు 2009లో ముగిసింది. అప్పటికే ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బౌయర్ 2005 నుంచి తన భాగాలను తానే అచ్చువేసుకునే యంత్రం మీద పనిచేస్తున్నాడు. దాని నక్షాలన్నీ ఎవరైనా తీసుకోండని పంచిపెట్టేశాడు. విత్తనం దాచుకోకుండా ఊరందరికీ పంచిన రైతు లాంటివాడు ఆయన. ఆ విత్తనం మొలిచి మొలిచి, ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ ధరకు మా గదిలోకి వచ్చింది. ఖమ్మంలో కూర్చున్న నాకు ఆ మహానుభావుడి మీద ఉన్న కృతజ్ఞత ఇంతా అంతా కాదు.

పెట్టెకు ఒళ్ళు సరే. నరాలు కావాలి.

రాగిరేకు అతికిన పలక తెచ్చాను. కంప్యూటర్‌లో గీసిన దారులను లేజర్ ప్రింటర్‌తో నున్నటి కాగితం మీద అచ్చుతీసి, ఆ కాగితాన్ని రాగి మీద బోర్లించి, అమ్మ ఇస్త్రీపెట్టెతో నొక్కాను. ప్రింటర్ పొడి కరిగి రాగికి అంటుకుంది. కాగితాన్ని నీళ్ళలో నానబెట్టి వేళ్ళతో మెల్లగా రుద్ది తీసేస్తే నల్లటి గీతలు మిగిలాయి. పలకను ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచాను. చిక్కటి డికాక్షన్ రంగు. చొక్కాకు అంటితే ఇక వదలదు. మురుక్కాలవలో పారబొయ్యకూడదు, సీసాలో భద్రంగా దాచాలి. గిన్నెను మెల్లగా ఊపుతూ పావుగంట కూర్చున్నాను. నల్లగీతల కిందున్న రాగి తప్ప మిగతా రాగినంతా ఆ ద్రావణం తినేసింది. పొడిని అసిటోన్‌తో తుడిచినప్పుడు కనిపించింది చూడండి! ఎర్రబంగారు గీతలు. అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి వంపులు తిరుగుతూ వచ్చి, గ్రౌండ్ అనే ఒక వెడల్పాటి రాగిపట్టెలో కలుస్తున్నాయి. తాలిపేరు, కిన్నెరసాని, శబరి వచ్చి గోదావరిలో కలిసే పటం లాగే ఉంది. పలకను దీపం దగ్గర పెట్టి చాలాసేపు ఆ నదులను చూస్తూ ఉండిపోయాను.

సోల్డరింగ్ నాకు పుస్తకంలో రాలేదు. టీవీ రిమోట్లు బాగుచేసే ఒక పెద్దాయన బల్ల దగ్గర రెండు సాయంత్రాలు నిలబడి నేర్చుకున్నాను. "ఐరన్‌తో లెడ్డును కరిగించొద్దు బాబూ. కాలును వేడి చెయ్యి. లెడ్డు దానంతటదే ఉరికొస్తది" అన్నాడాయన. నిజమే. పార్టు కాలూ, కింది రాగీ రెండూ వేడెక్కితే, కరిగిన లోహం తడి మట్టిలోకి నీళ్ళు ఇంకినట్టు చుట్టూ పాకి, వెండిలా మెరుస్తుంది. తొందరపడితే మసకబారి, ముద్దకట్టి నిలబడుతుంది. దాన్నే డ్రై సోల్డర్ అంటారు. పైకి అతికినట్టే కనిపిస్తుంది, లోపల అతకదు. ఏది అతికిందో ఏది అతకలేదో పెద్దాయన చూపుతో కాదు, చూపుడువేలి గోటితో తడిమి చెప్పేవాడు. లెడ్డు వైరు నడుమ ఉండే పైన్ చెట్టు జిగురు కాలి పొగ లేచినప్పుడల్లా నాకు భద్రాచలం అడవుల తపసి బంక గుర్తొచ్చింది. కోయ కుటుంబాలు చెట్టు చెట్టునా తిరిగి సేకరించి గిరిజన సహకార సంస్థకు పోసే బంక. చెట్టు కన్నీరు ఒకటి మందుల్లోకీ, ఒకటి నా పలక మీదికీ.

బటన్ల దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. ఆ ఆగడమే నాకు ఎక్కువ నేర్పింది. నేను ముందు అచ్చువేసిన నాలుగు దిక్కుల బటన్ నొక్కితే మొత్తం కిందికి దిగిపోయి, నాలుగు దిక్కులూ ఒకేసారి మోగేవి. యొకోయి బటన్‌ను మళ్ళీ చూశాను. శిలువ లాంటి ఆ ముక్క కింద, సరిగ్గా నడుమ, చిన్న బుడిపె ఉంటుంది. ఆ బుడిపె మీద అది ఊయల బల్లలా ఊగుతుంది. ఎడమ దిగితే కుడి లేస్తుంది. కాబట్టి ఎడమా కుడీ ఒక్కసారి తగలవు. కందిగింజంత బుడిపె! దాన్ని పెట్టి అచ్చువేసిన రోజు, ఇంకా కరెంటు ఎక్కించకుండానే, బొటనవేలు కింద ఆ ఊగిసలాటను గంటసేపు ఆస్వాదించాను.

నొక్కడంలో ఇంకో వింత ఉంది. నేను ఒక్కసారి నొక్కితే చిప్పుకు మూడుసార్లు నొక్కినట్టు వినిపించేది. బటన్‌లోని రెండు రేకులు కలిసేటప్పుడు, గచ్చు మీద వేసిన గోళీలా కొన్ని మిల్లీసెకన్లపాటు ఎగిరెగిరి పడతాయట. మన వేలికి ఆ సంగతి తెలియదు. సెకనుకు 13 కోట్ల 30 లక్షల టిక్కులు లెక్కపెట్టే చిప్పుకు మాత్రం ప్రతి గెంతూ ఒక కబురే. అందుకే మొదటి తాకిడి తర్వాత ఇరవై మిల్లీసెకన్లు ఆగి మళ్ళీ చూడమని దానికి రాశాను. అంత వేగమున్నదానికి ఓపిక నేర్పవలసి వచ్చింది.

ఆ చిప్పు పేరు ఆర్‌పీ 2040. ఏడు మిల్లీమీటర్ల పొడవు, ఏడు మిల్లీమీటర్ల వెడల్పు. 2021 జనవరిలో ‘రాస్‌బెరీ పై’ అనే కంపెనీ వాళ్ళు పీకో అనే పలక మీద దీన్ని పెట్టి నాలుగు డాలర్లకు ఇచ్చారు. దానికి 264 కిలోబైట్ల జ్ఞాపకం. మా చీకటి షాపులోని యంత్రానికి పనిచేసుకోవడానికి ఉన్న జ్ఞాపకం 2 కిలోబైట్లు.

ఇక్కడే నా ఒళ్ళు జలదరించిన సంగతి చెప్పాలి. నేను పెట్టిన తెర 1.8 అంగుళాలది. అడ్డంగా 128 చుక్కలు, నిలువుగా 160. మొత్తం 20,480 చుక్కలు. ఒక్కో చుక్క రంగుకు రెండు బైట్లు. అంటే తెర మీద ఒక్క బొమ్మ నిలబడటానికి 40,960 బైట్లు. ఈ అంకె కాగితం మీద రాసుకుని, ఎక్కడో చూశానే అనుకున్నాను. వెతికితే దొరికింది. మా షాపు మీసాలాయన ఆట, 1985 సెప్టెంబర్ 13న వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్, దాని క్యాసెట్‌లో ఆటను నడిపే భాగం 32,768 బైట్లు, బొమ్మల భాగం 8,192 బైట్లు. కలిపితే 40,960. ఒక్క బైటు ఎక్కువ లేదు, తక్కువ లేదు. నా తెర మీద ఒక్క రెప్పపాటు నిలిచే బొమ్మకు పట్టేంత చోటులో, వాళ్ళు ఎనిమిది లోకాలూ, ముప్పై రెండు అంచెలూ, పాటలూ, శత్రువులూ, రాకుమారీ అందరినీ పట్టించారు! ఆకాశంలో మబ్బుకూ నేల మీద పొదకూ ఒకే బొమ్మ వాడి, రంగు మాత్రం మార్చారు. చిన్నప్పుడు వేలసార్లు చూసినా అది నా కళ్ళకు పట్టలేదు. ఇప్పుడు నా ఫోన్‌లో మూడు మెగాబైట్ల ఫొటో ఒక్కటి దాదాపు 75 మారియోల బరువు తూగుతుంది. ఆ దిష్టిచుక్క కింద దాగినది ఇదన్నమాట. రహస్యం కాదు, పొదుపు. నలుగురున్న ఇంటికి నలభైమంది చుట్టాలొస్తే ఉన్న పిండితోనే అందరికీ వడ్డించిన ఇల్లాలి చెయ్యి.

నా ఆటకు బొమ్మలు గీసేందుకు గళ్ళకాగితం తెచ్చి కూర్చున్నాను. పడవ గీద్దామంటే పడవ రావడం లేదు, చెప్పు వస్తోంది. అమ్మ చూసి "ఇది చుక్కల ముగ్గే కదరా" అని పెన్సిల్ తీసుకుంది. సంక్రాంతికి ఇరవై ఒక్క చుక్కలు పెట్టి నెమళ్ళను తిప్పే చెయ్యి అది. పదహారు గళ్ళ పొడవు, ఎనిమిది గళ్ళ ఎత్తులో, ముక్కు కొంచెం లేచిన నాటుపడవ ఐదు నిమిషాల్లో తేలింది. ఏ గడి నింపాలో కన్నా ఏ గడి వదలాలో అమ్మకు బాగా తెలుసు. ఆటలోని మేకలు, లేగదూడలు, కొట్టుకొచ్చే మానులు, అన్నీ ఆమె గీసినవే.

అవును, ఆట గోదావరి వరద మీద. భద్రాచలంలో పిల్లలకు ఎక్కాలతోపాటు మూడు అంకెలు వచ్చు: 43, 48, 53. గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిన నీళ్ళను చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. 2022 జూలైలో 71.3 అడుగులను నా కళ్ళతో నేను చూశాను. అందుకే నా ఆటలో అంచెలు ఒకటి, రెండు, మూడు కావు. 43, 48, 53. నీళ్ళు పెరుగుతుంటాయి. మిట్టల మీద చిక్కుకున్న మేకలనూ దూడలనూ పడవలోకి ఎక్కించుకుని ఒడ్డుకు చేర్చాలి. పడవ మునిగితే ఆట అయిపోయినట్టు కాదు, ఇంకో పడవ వస్తుంది. మా దగ్గర నిజంగా అలాగే వస్తుంది.

ఆ నీళ్ళ రంగు కోసం వారం పోరాడాను. ఈ తెరకు ఎరుపులో 32 మెట్లు, ఆకుపచ్చలో 64, నీలంలో 32. మనిషి కన్ను పచ్చదనాన్ని బాగా పసిగడుతుంది కనుక పచ్చకు ఒక వాటా ఎక్కువిచ్చారు. మొత్తం 65,536 రంగులు. అందులో శ్రావణమాసపు గోదారి ఏది? ఎర్రమట్టి పాలు, కాస్త బెల్లం, పైన మబ్బు నీడ. ఒక సాయంత్రం కరకట్ట మీద కూర్చుని, తెరను నీళ్ళ పక్కన పట్టుకుని, అంకెలు మార్చుకుంటూ మార్చుకుంటూ పోతే ఒకచోట తెర అంచు ఎక్కడో, నది ఎక్కడో తెలియలేదు. అక్కడ ఆపేశాను.

అక్షరాల సంగతి ఇంకో ముచ్చట. ఇంగ్లీషు అక్షరం ఎనిమిది గళ్ళ చదరంలో హాయిగా కూర్చుంటుంది. మన అక్షరానికి తల మీద తలకట్టు, గుడి. కాళ్ళ దగ్గర వత్తు. భద్రాచలం అని రాయడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. భ కింద గీత, ద కింద క్రారవడి, ఒకటి రెండోదాన్ని మింగేస్తోంది. చివరకు పదహారు గళ్ళ చదరం తీసుకుని, పై నాలుగు గళ్ళు గుణింతానికీ, కింది నాలుగు వత్తులకూ వదిలాను. తెర వెలిగి, 'భద్రాచలం: 43 అడుగులు' అని తెలుగులో పడినప్పుడు నేను లేచి నిలబడ్డాను. షాపు బెంచీ మీద కూర్చున్న ఆ పిల్లవాడు ఏ తెర మీదా తన అక్షరాన్ని చూసి ఎరగడు.

మొదటి పెట్టె ఎక్కువ కాలం బతకలేదు. మే నెలలో ఒక మధ్యాహ్నం కారు అద్దం కింద పెట్టి మరిచిపోయాను. బయట 45 డిగ్రీలు. మొక్కజొన్న ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మూసిన కారులో ఎండకు ఆ వేడి అవలీలగా వస్తుంది. తిరిగొచ్చేసరికి పెట్టె నడుం వంగిపోయి ఉంది. బాధ కలిగింది కానీ, చొప్పబెండు బండి కూడా వానకు తడిస్తే ఉబ్బిపోయేది కదా. ఊళ్ళు తిరిగే పెట్టెకు నీళ్ళ సీసాల ప్లాస్టిక్ వంశానికి చెందిన పీఈటీజీ వాడాను, అది ఇంకో ఇరవై డిగ్రీలు ఓర్చుకుంటుంది. ఇంట్లో నీడపట్టున ఉండే పెట్టెకు మాత్రం మొక్కజొన్నే. దాన్ని వదులుకోలేను. ఆ గింజను కరిగించే కరెంటులో కొంత పాల్వంచ నుంచి వచ్చేదే. అక్కడ మండే సింగరేణి బొగ్గు 25 కోట్ల ఏళ్ళకు పైబడిన అడవి. ఆ అడవి మండి ఈ పైరును కరిగిస్తుంటే, నడుమ ఒక బొమ్మ పుడుతోంది.

ఊళ్ళు తిరిగే పెట్టెను జేబులో వేసుకుని పోయినేడు చర్ల వైపు వెళ్ళాను. దుమ్ముగూడెం దాటాక ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. అడవి అంచున స్నేహితుడి ఇల్లు. ఆ సాయంత్రం కరెంటు పోయింది. చుట్టూ ఇప్పచెట్లు, చీకటి, కీచురాళ్ళు. పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన ఒక్క లిథియం సెల్లుతో నా పెట్టె వెలిగింది. దానికి సిగ్నల్ అక్కర్లేదు, రీఛార్జ్ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆరుగురు పిల్లలు మూగారు. సెకనుకు ముప్పైసార్లు, 12 లక్షల బైట్లకు పైగా ఆ చిన్న తెరలోకి పారుతుంటే, ఆరు ముఖాల మీద గోదారి రంగు ఆడింది. 48 దాటించిన ప్రతిసారీ అరుపులు.

అందులో పన్నెండేళ్ళ వాడొకడు మాత్రం ఆడలేదు, చూస్తూ ఉన్నాడు. కాసేపటికి నెమ్మదిగా అన్నాడు: "అన్నా, నీళ్ళు ఇట్ల ముందు నుంచి రావు. గోదారి పెరిగితే ముందు వాగు ఎగదన్నుద్ది. ఎనక నుంచొస్తయి నీళ్ళు. దారి ముందే మునుగుద్ది."

వాడు చెప్పిందే నిజం. గోదావరి నిండితే వాగుల నీళ్ళు నదిలో కలవలేక వెనక్కి తంతాయి. ఊరికి నది ఇంకా దూరంగా ఉండగానే వెనకనున్న వాగు పొంగి రోడ్డు తెగిపోతుంది. కరకట్ట మీద కూర్చుని రంగు పట్టుకున్నాను కానీ, వరద నడకను పట్టుకోలేకపోయాను. అది వాడికి తెలుసు, వాడు అందులో నడిచాడు. ఆ రాత్రే ల్యాప్‌టాప్‌లో మిగిలిన కాస్త ఛార్జింగ్‌తో ఆట ప్రోగ్రామ్‌లో నలభై వరసలు మార్చి రాశాను. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడిగి రాశాను. ఎంత తొందరగా, ఎటునుంచి, ఏ మిట్ట ముందు మునుగుతుంది. తెల్లారి పెట్టెను వాడి చేతికిచ్చాను. వాగు వెనక నుంచి ఎగదన్నింది. వాడు పడవను తిప్పుకుని, ముందు వెనకవైపు మేకలను తీసుకొచ్చి, తర్వాతే నదివైపు వెళ్ళాడు. ఆ ఆటలో నాకంటే పెద్ద గురువు వాడే. మొదటి తెర మీద నా పేరు పక్కన వాడి పేరు కూడా ఇప్పుడు ఉంది, తెలుగులో, పదహారు గళ్ళ చదరంలో.

ఇప్పుడు మన బడుల్లో కొన్నింటికి అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఉన్నాయి. 2016లో మొదలైన పథకం, వాటిలో ఇలాంటి ముద్రణ యంత్రాలుంటాయి. హైదరాబాద్‌లో 2023 మార్చి 2న తెరిచిన టీ-వర్క్స్ అనే తయారీ కేంద్రంలో ఇంకా పెద్ద యంత్రాలున్నాయి. మహారాష్ట్రలోని పాబళ్ పల్లెలో 2002లోనే అమెరికా ఎంఐటీ వాళ్ళ ఫ్యాబ్ ల్యాబ్ అనే తయారీశాల వచ్చింది. వాటి తలుపులు తెరిచి ఉంచండి, యంత్రాలకు గుడ్డలు కప్పి దాచకండి అని చేతులు జోడించి అడుగుతున్నాను. చర్ల అడవి అంచున ఆ పిల్లవాడి లాంటివాళ్ళు చాలామంది ఉన్నారు.

మొన్న దసరాకు చెల్లెలు కొడుకును తీసుకుని వచ్చింది. వాడికి తొమ్మిదేళ్ళు. నీడపట్టున ఉంచిన మొక్కజొన్న పెట్టెను వాడి చేతిలో పెట్టాను. బువ్వ మానేసి ఆడాడు. రెండుసార్లు 53 దాటించాడు. ఆ తర్వాత ఆట ఆపి, పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. వెనక్కి తిప్పి చూశాడు. అంచు వెంట గోటితో తడిమాడు.

"మామా, దీన్ని విప్పనా?"

అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి ఏదో అనబోయి, ఆగిపోయింది. ఆమెకు తాతయ్య గుర్తొచ్చి ఉంటాడు. నేను లేచి పనిముట్ల డబ్బా తెచ్చాను.

ఆ పెట్టెలో ఎక్కడా జిగురు వాడలేదు. వెనకమూతకు మూలకొకటి చొప్పున నాలుగు స్క్రూలు. చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఒక్కటి చాలు.